భద్రమ్మకు రెండు విస్తరాకులు

భద్రమ్మ సోమవారం పోయింది. బుధవారం పొద్దున, ఆమెకు పెట్టే విస్తరాకులో కోడికూర ఉండాలా వద్దా అని మూసీ నది ఒడ్డున ఆమె మగడికీ తమ్ముడికీ మాట పట్టింపు వచ్చింది.

"తీసెయ్ దాన్ని," అన్నాడు మగడు గుర్వయ్య. "మీ అక్క శాకారి. నీసు ముట్టదని ఊరందరికి ఎరుకే. సచ్చినంక ఆమె ఆకు మైల జేస్తవా?"

శాకాహారి అనే మాట గుర్వయ్య భజనల్లో నేర్చుకున్నాడు. భార్య గురించి ఎక్కడ చెప్పినా ఆ మాటతోనే మొదలుపెట్టేవాడు.

తమ్ముడు ఐలేశం గిన్నె వదల్లేదు. కోళ్లెత్తుకుపోయే గడీ దొర మనుషుల కంట పడకుండా గంప కింద దాచి, కోసి వండి తెచ్చిన కోడి అది. "పిట్టకు పెట్టేది సచ్చినోళ్లకు ఇష్టమైంది బావా. మా ఇంట్ల ఉన్నప్పుడు అక్క బొక్క గూడ నమలక ఇడిసిపెట్టకపోయేది."

"గది పెండ్లికి ముందటి ముచ్చట. నా ఇంటికొచ్చినంక మారింది."

"మారింది నిజమే. ఎందుకిడిసినవక్కా అని అడిగితె నవ్వి ఊకున్నది."

కులపెద్ద లింగస్వామి మధ్యలోకి వచ్చాడు. మూడో రోజు పెట్టింది కాకి ముట్టేదాకా ఎవరూ ఇల్లు చేరడానికి లేదు. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కొరత మిగిలిపోయిందని అర్థం.

"శాకారి అంటే ఏ తీరు శాకారి? జర చెప్పు గుర్వయ్యా," అన్నాడు. "ఒక్కొక్కలది ఒక్కొక్క తీరు. గుడి అయ్యగారు పాలు తాగుతరు, నెయ్యి తింటరు, ఉల్లిగడ్డ ముట్టరు. మార్వాడి షావుకారు మన్నుల ఊరిన ఏ గడ్డా తినడు. లింగం కట్టినోళ్లకు ఉల్లిగడ్డ నడుస్తది, గుడ్డు నడ్వదు. మా అత్త శనివారం శాకారి, ఆదివారం తలకాయకూర."

"మా మేనత్తయితె చేపను కూరగాయల్ల కలిపింది," అన్నాడు ఐలేశం. "నీళ్లల్ల మొలిసిందే గదా అంటది."

ఏడ్చి అలసిన ఆడవాళ్లలో ఇద్దరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

గుర్వయ్య నవ్వలేదు. "నా పెండ్లాం గట్ల సగం సగం గాదు. గుడ్డు ముట్టలే, చేప ముట్టలే. మాకు కోడికూర వండితె ఉప్పు గూడ చూడకపోయేది."

"పాలు తాగేదా?"

గుర్వయ్య ఆగాడు. పక్కనున్న తల్లి వైపు చూశాడు. "తాగేదా అవ్వా?"

"నీ పెండ్లాం పాలు తాగేదో లేదో నన్నడుగుతున్నవా?" అంది ముసలి హనుమమ్మ.

చివరికి లింగస్వామే తేల్చాడు. రెండు ఆకులు పరిచారు. ఒకదాంట్లో అన్నం, పప్పు, వంకాయకూర. రెండోదాంట్లో అన్నం, కోడికూర. అందరూ దూరం జరిగారు.

కాకులు వచ్చాయి. ఒక ఆకు చుట్టూ తిరిగాయి, ఇంకో ఆకు చుట్టూ తిరిగాయి. దేన్నీ ముట్టకుండా ఎగిరి తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి.

"నీ బిడ్డ పెండ్లి మేం జేస్తం భద్రమ్మా, ఫికర్ జెయ్యకు," అన్నాడు లింగస్వామి. ఒక్క కాకీ కదలలేదు.

"నీ బర్రెను అమ్మనియ్య అక్కా," అన్నాడు ఐలేశం. కాకులు కదలలేదు.

గుర్వయ్య ముందుకు వెళ్లి చేతులు జోడించాడు. "నా ఇల్లాలు దేవత అని పదిమందిల చెప్పుకున్న. నీకింకేం కావాలెనే?"

హనుమమ్మ కర్ర ఊతంగా లేచింది. "దేవత గాదురా. కోడికూరంటే పానం బెట్టే మనిషి."

"ఏందవ్వా నువ్వనేది?"

"జర్మను లడాయి మొదలైన యేడు, దసరనాడు. ఇంటినిండ సుట్టాలు. అందరికి పెట్టినంక గంజుల పులుసు గూడ మిగలలే. నువ్వు చెయ్యి కడుక్కొని పోయి పండుకున్నవ్. ఆమె గంజు తోముకుంట నాతోని అన్నది. 'అత్తా, గాయన ఒక్కపారన్న తిన్నవా అని నన్నడిగితె, గా దినం ముట్టుత నీసు' అని."

గుర్వయ్య ఇసుక వైపు చూస్తూ నిలబడ్డాడు.

"గింత చిన్న ముచ్చట నాకెందుకు చెప్పలేదవ్వా?"

"ఒట్టేయించుకున్నది. నేను చెప్పినంక నువ్వు అడిగితె గది నా మాటయితది, నీ మాట గాదన్నది."

కోడికూర మీద నూనె పేరుకుంటోంది.

"ఇప్పుడన్న అడుగు బావా," అన్నాడు ఐలేశం మెల్లగా.

గుర్వయ్య ఆకుల ముందు గొంతుక్కూర్చున్నాడు. 'తిన్నవా' అని దారిన పోయే ప్రతి మనిషినీ పలకరించే మాటే అది. నోరు తెరిచాడు. తల్లి వైపు చూసి మళ్లీ మూసుకున్నాడు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. గుర్వయ్య ఇంకా అడగలేదు.