సర్కారు నేల మీద శకునం

ఓడ డెక్కు మీద పడుకుని పోర్ట్‌బ్లెయిర్ చేరిన జోగులు, గది దొరికేదాకా రెండే రోజులని చెప్పి, డెలానీపూర్‌లో తమ ఊరి అసిరమ్మ వసారాలో మూట దించాడు. ఆ రెండు రోజులు వానాకాలం దాటేశాయి.

గది వెతకడానికి అతను సిద్ధమే. శకునమే కుదరలేదు. మంగళవారం కదలకూడదు. బుధవారం పిల్లి ఎదురొచ్చింది. తూర్పు పాకిస్తాన్ వదిలి అంత దూరం వచ్చిన పొరుగాయన సరిగ్గా జోగులు మెట్టు దిగేవేళే తుమ్మాడు. శకునం చెడినప్పుడల్లా, పాపం, అసిరమ్మ వండిన చేపల పులుసుతో మనసు కుదుటపరుచుకునేవాడు.

"తుపాన్లో తెప్పేసినోడివి, పిల్లికి జడుస్తావేట్రా?" అనేది ఒంటరి ముసలామె. "రోజుకో బహానా! శకునాలన్నీ మనూర్లోనే ఒగ్గేసి రావాల. ఇది సర్కారు జాగా, ఇక్కడ చెల్లవు."

వినీ వినీ జోగులుకు రోషమొచ్చింది. చాతం రంపపు మిల్లులో పని, గరాచర్మలో చవక గది చూసుకున్నాడు. శుక్రవారమని కూడా చూడకుండా మూట ఎత్తాడు.

"ఎల్లొస్తాను పెద్దమ్మా."

"జల్దీ ఎల్లు. నా వసారాకి పట్టిన శని వదుల్తాది."

అతను మెట్టు దిగాడో లేదో, ఇంట్లోంచి తుమ్ము వినిపించింది. ఒంటి తుమ్ము.

జోగులు వెనక్కొచ్చి గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఇక్కడ శకునాలు చెల్లవన్నావు గదా?"

"తుమ్మొస్తే నానేటి సేసేది? కూకో, రేపెల్దువు," అంది అసిరమ్మ, ముక్కులోంచి తీసిన చీపురుపుల్లను కొంగు చాటున దాచుకుంటూ.