పొద్దు గూకేదాకా

కారు ఎక్కిన తర్వాత గానీ శంకర్‌కి తెలియలేదు, అది ఆసుపత్రికి పోవడం లేదని.

తెల్లవారుజామున కొడుకు పుట్టాడు. కబురు అందగానే బెంగళూరులో దొరికిన రైలెక్కి బంగారుపేటలో దిగాడు. స్టేషన్ బయట మామ రామాంజినప్ప బాడుగ కారు పెట్టుకుని కాచుకుని ఉన్నాడు. అల్లుడికి ఎంత మర్యాద అని శంకర్ మురిసిపోయాడు కూడా. రాబర్ట్‌సన్‌పేటలోకి తిరగాల్సిన చోట కారు తిరగలేదు.

“మామా, ఆసుపత్రి అటు కదా?”

“మూలా నక్షత్రంలో పుట్టినాడప్పా బిడ్డ. మొదటి పాదం. తండ్రి చూస్తే తండ్రికే గండం.” మామ రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు. “పొద్దు గూకితే నక్షత్రం దాటిపోతాది. అప్పుడు నూనె గిన్నెలో నీడ చూసి ఎత్తుకుందువు. అందాక అట్ల తిరిగొస్తాము.”

“మాల ఎట్లుంది?” భార్య గురించి అడిగాడు శంకర్.

“బాగుండాది. నిద్దరపోతా ఉండాది.”

“పోనీ, వాడి ఫోటో అయినా చూపించండి.”

“ఫోటోలో చూసినా చూసినట్టే. నీ ఫోనూ ఇట్లియ్యి. ఎవురన్నా పంపిస్తే కష్టం.”

పెద్దాయన చెయ్యి చాచి అడిగితే లేదనలేక ఇచ్చేశాడు. ఇచ్చాక గానీ తెలిసిరాలేదు, చేజేతులా సంకెళ్ళు వేసుకున్నానని.

విచిత్రం ఏమిటంటే, రామాంజినప్ప రాహుకాలం చూసుకుని బంగారు గనిలో దిగిన మనిషి కాదు. కూతురి పెళ్ళప్పుడు మూఢమి ఉంది, వాయిదా వేద్దామని బంధువులంటే, “మూఢమి మీకు, మాకు కాదు” అని ముహూర్తం పెట్టించినవాడు. వయసు మీద పడితే పంచాంగం కూడా మీద పడుతుంది కాబోలు అనుకున్నాడు శంకర్.

బేతమంగళం చెరువు వచ్చింది. నీళ్ళు నిండుగా ఉన్నాయి. కొంగలు బారులు తీరి ఉన్నాయి.

“చూడప్పా, ఎంత బాగుండాదో,” అన్నాడు మామ.

ఆయన మాత్రం చూడలేదు. ఫోన్ మోగితే దిగి, కట్ట మీద చాలా దూరం నడిచి, వీపు తిప్పి మాట్లాడాడు. శంకర్ కూడా దిగబోయాడు. తలుపు తెరుచుకోలేదు. పిల్లలు తెరవకుండా పెట్టే లాక్ పిల్లవాడి తండ్రికి పడింది. డ్రైవర్ నందీశ్ అద్దంలో చూసి చూపు తిప్పేసుకున్నాడు.

ఆ తర్వాత ముళబాగిలు. అక్కడ దోసెలు తెప్పించాడు మామ. అల్లుడి ముందు పెట్టాడు గానీ తాను ముట్టలేదు. మళ్ళీ చెరువు. మళ్ళీ ఊరు. పూత పట్టిన మామిడి తోటలు అటూ ఇటూ పరుగెత్తాయి. ఇంకో రోజైతే శంకర్ కారు ఆపించి ఫోటోలు తీసుకునేవాడు. ఇప్పుడు ప్రతి చెట్టూ కొడుకును ఇంకొంచెం దూరం చేస్తున్నట్టే ఉంది.

సంచిలో వాడి కోసం తెచ్చిన ఉన్ని టోపీ ఉంది. తీసి చూపించాడు. “సరిపోతుందా మామా?”

మామ దాన్ని పిడికిట్లో పెట్టుకుని చూశాడు. గబుక్కున సంచిలో కుక్కేశాడు.

“పెద్దదైనా పరవాలేదులే. పెరుగుతాడు,” అన్నాడు.

రాయల్పాడులో టీ కోసం ఆపారు. నందీశ్ బయటి నుంచి తలుపు తీశాడు. ఎదురుగా కోలారు బస్సు బయలుదేరుతోంది. శంకర్ ఒక్క ఉదుటున దిగి పరుగెత్తాడు. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాడో లేదో, మామ వెనక నుంచి రెక్క పట్టుకున్నాడు. బస్సు వెళ్ళిపోయింది.

ఇంక శంకర్‌కి ఒళ్ళు తెలియలేదు. “నా బిడ్డను నేను చూడకూడదా? ఏం మనుషులు మీరు? గనిలో ఉండీ ఉండీ మీ బుర్ర కూడా చీకటైపోయింది!”

టీ అంగడి దగ్గర జనం తిరిగి చూశారు. రామాంజినప్ప ఆ మాట మింగాడు. రెక్క మాత్రం వదల్లేదు.

“తిట్టప్పా. ఎంతన్నా తిట్టు. ఈ ఒక్క పూట నా మాట ఇను.”

శంకర్ వచ్చి కార్లో కూలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. శ్రీనివాసపురం ఎప్పుడు దాటిందో, కోలారు ఎప్పుడు వచ్చిందో చూడలేదు. ఈ జన్మలో మామతో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

ఏదో చిన్న చెరువు పక్కన మళ్ళీ ఫోన్ మోగింది. మామ దిగాడు. ఈసారి దూరం పోలేదు. రెండు మాటలు విన్నాడు. ఉన్నపళంగా కట్ట మీద చతికిలబడి తువ్వాలు మొగానికి అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపటికి లేచి, చెరువులో మొగం కడుక్కుని వచ్చాడు.

“పదప్పా. నక్షత్రం దాటింది.”

“ఇంకా పొద్దు గూకలేదు కదా?” శంకర్ వెటకారంగా అన్నాడు.

“దాటిందంటే దాటింది! నందీశూ, తోలు. బిరబిరా తోలు.”

ఆసుపత్రి వరండాలో అత్త మునిలక్ష్మమ్మ ఎదురొచ్చింది. మామ మెట్ల దగ్గరే ఆగిపోయాడు. ఆయన వైపు కన్నెత్తి చూడకుండా శంకర్ పుల్లవిరుపుగా అడిగాడు.

“ఎక్కడత్తా, మీ మూలా నక్షత్రం నూనె గిన్నె?”

అత్త తెల్లబోయింది.

“నూనె ఏందప్పా, నక్షత్రమేంది... పుట్టినప్పటి నుంచి గాజుపెట్టెలో ఊపిరందక కొట్టుకుంటా ఉన్న బిడ్డ ఇప్పుడే గదా గట్టిగా ఏడ్చి గండం దాటినాడు, పొద్దు గూకేదాకా ఉంటాడో లేదో అని పొద్దున్నే డాక్టరమ్మ అనిందని మీ మామ నీకు చెప్పనే లేదా?”