ఫాల్తు చప్పుడు

"కళ్లు మూసుకోమ్మా. తెర మీద గీతలు చూస్తే చెవులు మొద్దుబారుతయ్," అన్నాడు నర్సింగం సార్.

సంధ్యారాణి కళ్లు మూసుకుంది. హెడ్‌ఫోన్లలో అత్తమ్మ సారవ్వ వరినాట్ల పాట అందుకుంది. ఎంత బాగుందో! సంధ్యారాణికి తెలియకుండానే నవ్వు వచ్చేసింది.

"పన్నెండో సెకండుల ఏమినవడ్డది?"

"పాట, సార్."

"పాట ఎన్క?"

సార్ చూపుడువేలు లేపాడు. చప్పుడు దొరికితే ఆయన వేలు లేస్తుంది.

"ఫ్రిజ్జు. ఇరవైల నీ గాజులు. నలభైల పక్క అర్రల ఎవలో గురక పెడుతున్నరు."

"మా ఆయన సార్. నైట్‌షిఫ్టు చేసొచ్చి పండుకున్నడు."

"పండుకోనీ. కానీ ఆయన కోరస్ పాడుతున్నడని మనకు చెప్పలేదు కద."

క్లాసంతా గొల్లున నవ్వింది.

గోదావరిఖని చౌరస్తాలో సెల్‌ఫోన్ల దుకాణం పైన ఉంది ఆ స్టూడియో. ఖనిలోనే పుట్టి పెరిగిన నర్సింగం సార్ అక్కడ మూడు నెలల రికార్డింగు కోర్సు చెబుతాడు. ఆఖరి పరీక్ష ఒక్కటే. ఇంట్లో ఒక్క నిమిషం పాట రికార్డు చేసి తేవాలి. అందులో ఒక్క ఫాల్తు చప్పుడు ఉండకూడదు. బతుకమ్మ పాటల సీజను దగ్గరపడుతోంది కాబట్టి, నెగ్గినవాళ్లకు స్టూడియోలోనే పని. పెళ్లయిన ఈ నాలుగు నెలల్లో సంధ్యారాణి మొగుణ్ని తప్ప ఇంకదేన్నీ ఇంతగా కోరుకోలేదు.

ఇంటికి రాగానే సంగతి చెప్పింది. జైపాల్ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"నా గురకతోని ఫేలైనవా? ఫికర్ చెయ్యకు. రేపట్నుంచి మెలకువతోనే నిద్రపోత."

"మీకు పరాచికమైంది. నాకు శనివారమే ఆఖరు."

"అయితది తియ్. ఆ మైకు వచ్చినంక నీకు మొగుడు యాదికుంటలేడు. కొత్తల ఎట్లుంటివి! అన్నాలు తినంగనే ఉరికొచ్చి నన్ను గట్టిగ పట్టుకుంటుంటివి."

సారవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అబద్ధమేమీ కాదు. సంధ్యారాణి జగిత్యాల దగ్గర పల్లెలో పుట్టిన పిల్ల. కాపురానికొచ్చిన మొదటి మధ్యాహ్నమే ఊరి పక్క ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగు చేశారు. కిటికీలు గజగజలాడాయి. గోడమీది కొత్త పెళ్లి ఫొటో ఒక పక్కకు ఒరిగింది. సంధ్యారాణి అత్తమ్మ ఎదుటే జైపాల్‌ మెడకు చుట్టుకుపోయింది. సారవ్వ మాత్రం బియ్యం ఏరుతున్న చాటలోంచి తల కూడా ఎత్తలేదు. అది రోజూ ఆ వేళకు ఉండేదేనని తెలిశాక కూడా సంధ్యారాణి నెల రోజులు అలాగే పరుగెత్తింది, సగం భయానికి, సగం సరదాకు.

"ఇప్పుడు పిలిస్తె గూడ రాదు," అన్నాడు జైపాల్ మూతి ముడిచి. "ఆ మైకునే పట్టుకో."

"పట్టుకుంట. మైకు గురక పెట్టదు."

రెండోసారి పక్కింటి కుక్కరు కూసింది. మూడోసారి వీధిలో పాత సామాన్లవాడు అరిచాడు. నాలుగోసారి కూలరు. ఐదోసారి అంతా బాగా నడుస్తుండగా, సారవ్వే పాట ఆపి పిల్లిని అదిలించింది. సార్ వేలు ప్రతిసారీ లేచింది. ఆఖరికి సారవ్వ గుటక మింగిన చోట కూడా లేచింది.

"మీ సారుకు చెవులా, చాటలా?" అంది సారవ్వ.

శనివారం మధ్యాహ్నం అన్నాలు తిని గిన్నెలు సర్దుతుంటే కరెంటు పోయింది. ఫ్రిజ్జు ఆగింది. కూలరు ఆగింది. లైనులోని ఇళ్లల్లో టీవీలన్నీ ఒక్కసారే నోరు మూసుకున్నాయి.

"అత్తమ్మా, జల్ది!"

ఫోనుకు మైకు తగిలించింది. గాజులు తీసి దిండు కింద పెట్టింది. గడియారాన్ని బొంతలో చుట్టింది. పిల్లికి బయట పాలు పోసి తలుపేసింది. జైపాల్‌ను లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టింది.

"ఊపిరన్న తీసుకోవచ్చునా?"

"తీసుకోండి, మెల్లగ."

సారవ్వ గొంతెత్తింది. పొలం దున్ని, నీళ్లు కట్టి, నారు పరిచిన గొంతు అది. సంధ్యారాణి కళ్లు మూసుకుని సార్ చెప్పినట్టే విన్నది. పాట ఉంది. పాట వెనక పాటే ఉంది. జైపాల్ తన తల్లిని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

పాట అయ్యాక ముగ్గురూ ఒక్కసారే ఊపిరి వదిలారు.

"ఏమన్న సప్పుడైందా బిడ్డా?"

"చీమ గూడ చిటుక్కుమనలే అత్తమ్మా!"

ఆ సంబరంలోనే గోడమీద ఒరిగి ఉన్న పెళ్లి ఫొటోను సరిచేసి, గాజులు తొడుక్కుని, జైపాల్‌ బండెక్కి స్టూడియోకు పోయింది.

నర్సింగం సార్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. సంధ్యారాణి ఆయన చూపుడువేలు మీదే చూపు నిలిపింది. పది సెకండ్లు. ఇరవై. నలభై. వేలు లేవలేదు. మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. ఈసారి హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకు అదుముకుని విన్నాడు.

"ఒక్క ఫాల్తు సప్పుడు లేదమ్మా," అన్నాడు కళ్లు తెరుస్తూ. "సోమారం నుంచి డ్యూటీకి రా."

మెట్లు దిగిందో, ఎగిరిందో ఆమెకే తెలియదు. కింద జైపాల్ వేడి మిర్చీల పొట్లం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె మొహం చూడగానే అడగాల్సిన పని లేకపోయింది.

"ముందు చెల్లెకు చెప్పాలె," అంటూ జగిత్యాల వైపు ఊళ్లో ఉన్న సహస్రకు పాట పంపింది. కింద రాసింది కూడా: 'మీ అక్క పాసైంది. సప్పుడన్నదే లేదు. మంచిగ చెవి పెట్టి విను.'

మొదటి మిర్చి కొరకకముందే ఫోను మోగింది.

"అక్కా, పాట నడుమల ఆ బాంబు ఏందే?"