పదకొండు రోజుల హాజరు

"భానుచందర్!" అని సారు పిలవగానే అభిషేక్ బెంచీ కిందికి వంగి, ముక్కు నొక్కుకొని, స్నేహితుడి గొంతుతో "ఎస్ సార్" అన్నాడు. వెనక బెంచీలు కిసుక్కుమన్నాయి.

పదకొండు రోజులుగా ఇదే తంతు. మూడు సబ్జెక్టులు ఫెయిలయ్యాడని తెలిసిన సాయంత్రం భాను హాస్టల్ గదిలో బ్యాగు సర్దుకుంటూ, "ఇంటికి పోతాన. జర నా అటెండెన్స్ చూస్కోరా" అన్నాడు.

క్లాసు అయ్యాక చూస్తే, వరండాలో సకినాల డబ్బాతో భాను వాళ్ల నాయన నిలబడి ఉన్నాడు. రఘునాథపల్లి నుంచి పొద్దున్నే బయల్దేరాడట.

"మావోడేడి బిడ్డా? ఫోన్ ఎత్తుతలేడు."

"ఇంటికి రాలేదా అంకుల్?"

"ఇంటికా? నెల దాటె వచ్చి. కాలేజీకి పోకుంటే నాకు మెసేజ్ వస్తది గద, ఒక్కటి గూడ రాలే. మంచిగ చదువుకుంటాండనుకున్న. ఫికర్ చెయ్యలే."

లోపల తర్వాతి సారు అప్పుడే హాజరు మొదలుపెట్టాడు.

"భానుచందర్!"

క్లాసంతా నవ్వడానికి సిద్ధమై గుమ్మంలో ఉన్న అభిషేక్ వైపు తిరిగింది.

కొడుకు పేరు వినగానే ఆయన డబ్బా చంకన పెట్టుకొని, ఎక్కణ్నుంచి పలుకుతాడోనని ఆశగా లోపలికి తొంగిచూశాడు.