కరెంటు పోయిందా?

“ఆపండి!” అంది ఎడిటరమ్మాయి.

టేపుల తాత మీట నొక్కాడు. తెరమీద బొమ్మ ఆగింది.

పాతికేళ్ళ కిందటి కామెడీ సీరియల్ అది. మళ్ళీ వేసేముందు అందులోని పాచి జోకులు కత్తిరించడం ఆమె పని. ఆ పాత మిషన్ నడపడం ఎవరికీ రాక, ఈ పెద్దాయన్ని వెతికి తెచ్చారు.

“మళ్ళీ వెయ్యండి.”

నల్లగా ఉన్న పనిపిల్ల గదిలోకి వచ్చింది.

“కరెంటు పోయిందా, నువ్వొచ్చావా?” అన్నాడు హీరో.

గొల్లున నవ్వులు.

ఎడిటరమ్మాయి ముఖం కందగడ్డ అయింది.

“ఈ సీరియల్ వచ్చాక మా అక్క క్లాసులో అడుగుపెడితే చాలు, ‘కరెంటు పోయిందర్రా’ అని అరిచేవాళ్ళు. పదో తరగతిలో బడి మానేసింది. ఇప్పటికీ ఫొటో దిగదు.”

తాత తల వంచుకున్నాడు.

“అసలు నవ్విందెవరు?”

“ఎవరూ కాదమ్మా. రికార్డు చేసి ఉంచిన నవ్వు. జోకు అవగానే సౌండ్ ఇంజనీరు కలుపుతాడు.”

“మీకెలా తెలుసు?”

“ఈ సీరియల్‌కి సౌండ్ ఇంజనీరుగా చేశానమ్మా.”

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు.

“అయితే మా అక్కని చూసి మొదట నవ్వింది మీరన్నమాట!”

ఆయన తెరమీది పనిపిల్లకేసి చూశాడు. “ఆ నటించిన పిల్లా చిన్నదేనమ్మా,” అన్నాడు.

“ఇప్పుడు జాలిపడి ఏం లాభం?”

విసురుగా లేచి మేనేజర్ దగ్గరికి వెళ్ళింది.

“ఆయన పక్కన కూర్చుని పని చెయ్యలేను సార్.”

“మిషన్ ఎవరు నడుపుతారమ్మా?”

“నేను నేర్చుకుంటాను.”

సాయంత్రం తాత సంచీ సర్దుకున్నాడు. “ఈ మీట కాస్త మొరాయిస్తుందమ్మా. మెల్లగా నొక్కు,” అన్నాడు.



ఇంటికెళ్తూ అక్కకి ఫోన్ చేసింది. “ఆ ‘కరెంటు’ జోకుకి నవ్వు పెట్టినాయన్ని పంపించేశానే!”

“ఏమన్నాడు?”

“ఏమంటాడు? నోరెత్తలేదు.”

“పాపం, పెద్దాయనేమోనే,” అంది అక్క.

మర్నాడు మధ్యాహ్నానికి మిషన్ మొండికేసింది. ఎన్ని మీటలు నొక్కినా కదల్లేదు. మేనేజర్ తాతకి ఫోన్ చేసి, ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

“ఇక రాడటమ్మా. ‘ఆ గదిలోంచి రెండుసార్లు పంపించేశారు, చాల్లే బాబూ’ అన్నాడు.”

“రెండుసార్లేమిటి?”

“ఏమో!”

ఆమె టేపు తీసి పెట్టెలో పెట్టబోయింది. సరిగ్గా కూర్చోలేదు. అడుగున మడతపెట్టిన కాగితమేదో అడ్డుపడుతోంది.

విప్పింది. టైపు చేసిన క్షమాపణ పత్రం.

‘జోకుకి నవ్వు కలపనని పని ఆపినందుకు క్షమించండి. ఇకమీదట చెప్పినట్టు చేస్తాను. ఇట్లు, సౌండ్ ఇంజనీరు.’

సంతకం చోటు ఖాళీగా ఉంది.

దాని కింద ఎర్రసిరాతో ఎవరో అప్పట్లోనే రాశారు: ‘“పనిపిల్ల వేషం వేసిన పిల్ల ఏడ్చింది, నేను నవ్వు పెట్టను” అంటున్నాడు; సంతకమూ పెట్టలేదు కనుక ఇవాళే పన్లోంచి తీసేసి, నవ్వు వేరేవాళ్ళతో కలిపించాం.’