పసుపు పొడి కడిగిన నీళ్లు

"దొరికాడు సార్ దొంగ!"

వాచ్‌మన్ ఒక ముసలాయన్ని కాలర్ పట్టుకుని యజమాని గదిలోకి ఈడ్చుకొచ్చాడు.

ముసలాయన చేతిలో సీసా ఉంది. అందులో ఫ్యాక్టరీ వెనక కాలవ నీళ్లు.

పాత కార్ల పొగగొట్టాల్లోంచి ప్లాటినం తీసే ఫ్యాక్టరీ అది. యాసిడ్‌లో కరిగించి, పసుపు పొడిగా దింపి, ఆ పొడిని కడిగి కాలిస్తే ప్లాటినం మిగులుతుంది. మూడు నెలలుగా అది తక్కువ వస్తోంది. నేరం తూకం వేసే అమ్మాయి నెత్తిన పడింది. సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే పోలీసులకే అప్పగిస్తానన్నాడు యజమాని. పొద్దుటి నుంచి ఆమె గోడవారగా నిలబడి ఏడుస్తూనే ఉంది.

"ఓహో, దీనికి తోడుదొంగవి నువ్వేనా?" అన్నాడు యజమాని.

"ఈ అమ్మాయిని నేనెప్పుడూ చూళ్లేదు బాబూ. ఈమెని దొంగంటున్నారని టీకొట్టు దగ్గర విని వచ్చాను. పసుపు పొడిని ఉత్త నీళ్లతో కడుగుతున్నారా?"

"నీకెందుకు?"

"నవాసారం ఉప్పు కలిపిన నీళ్లతో కడగాలి. ఉత్త నీళ్లయితే పొడి కొంచెం కొంచెంగా కరిగి కాలవలోకి పోతుంది. ఆ నీళ్లు పసుపు తిరిగింది అందుకే."

నవాసారం దండగని మూడు నెలల క్రితం మాన్పించింది ఈ మహానుభావుడే! అది పనివాళ్ల ముందు ఒప్పుకుంటే ఇంకేమన్నా ఉందా, పరువు గంగలో కలిసిపోదూ?

"నా చెవిలో పూలు పెట్టకు!"

"ఈ సీసాలో జింకు ముక్క వెయ్యండి. నల్లపొడి దిగితే అదే మీ ప్లాటినం. ఆ పిల్లని మాత్రం పోలీసులకివ్వకండి బాబూ, మీకు దణ్ణం పెడతాను."

"ముసలోడా, నాకే పాఠాలా? గెంటండి వీణ్ణి!"

గేటు దగ్గర ముసలాయన బోర్లా పడ్డాడు. ఒక్కడూ చెయ్యందించలేదు. పైగా నవ్వారు, సిగ్గులేని జన్మలు. ఆయనే లేచి, మోకాళ్లు దులుపుకుని వెళ్లిపోయాడు.

అంతా అటు చూస్తుండగా తూకం అమ్మాయి కళ్లు తుడుచుకుని, ఆయన బల్ల మీద వదిలిపోయిన సీసాలో జింకు ముక్క వేసింది.

గంటలో అడుగున నల్లటి పొడి పేరుకుంది.

"సార్, ఇప్పుడు చెప్పండి. నేను దొంగనా?"



యజమాని ముసలాయన కోసం టీకొట్టుకీ బస్టాపుకీ మనుషుల్ని పరిగెత్తించాడు. ఆయన జాడ లేదు.

ఫ్యాక్టరీ పెట్టిన తండ్రికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు.

"కాలవ నీళ్లు చూసి పట్టేశాడు నాన్నా! ఎవరై ఉంటాడు?"



"నేనూ ఒకప్పుడు ఈ నవాసారమే మాన్పించాను రా. ప్లాటినం తగ్గింది. అప్పుడూ ఇలాగే కాలవ నీళ్లు చూపిస్తే, తప్పు నాదని బయటపడకుండా, దొంగని ముద్ర వేసి నేను జైలుకు పంపిన మన కొలిమి మేస్త్రీ అతను."