గ్యారంటీగారి గెంతులు

"ఎగరండి బాబూ," అంది ఆవిడ.

సేల్స్‌మన్ ఎగిరాడు. తొంభై కిలోల మనిషి. ధబ్బుమని దిగాడు.

"ఇంకాస్త గట్టిగా."

మళ్ళీ ఎగిరాడు. ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని, "ఆఁ... ఆఁ... సరే," అని, చేతిలో ఉన్న నోటుబుక్కులో ఏదో రాసుకుంది.

ఫ్లాట్లు అమ్ముకునే పెద్దమనిషికి ఈ గెంతులేమిటంటే, దానికో కథ ఉంది. ఆఫీసులో అందరూ అతన్ని గ్యారంటీ అంటారు. కొనేవాళ్ళు ఏమడిగినా అతని నోట మొదట వచ్చే మాట అదే. ఆ ఒక్క మాటతో భవనంలో ఫ్లాట్లన్నీ అమ్మేశాడు, ఇదొక్కటి తప్ప. పొద్దున్నే మేనేజరు పిలిచి తేల్చి చెప్పేశాడు: "సాయంత్రానికి అది బుక్ అవ్వాలి. కాలేదో, రేపట్నుంచి నువ్వు ఫిర్యాదుల డెస్కులో కూర్చో."

ఆ డెస్కు సంగతి గ్యారంటీకి బాగా తెలుసు. ఇళ్ళు కొన్నవాళ్ళంతా పొద్దస్తమానం ఫోన్లు చేసి శాపనార్థాలు పెట్టేది ఆ డెస్కుకే. అక్కడివాళ్ళకి ఏం చెప్పి తప్పించుకోవాలో నేర్పింది కూడా తనే. గోడ చెమ్మగిల్లిందంటే 'వాతావరణం' అనాలి. చప్పుళ్ళంటే 'మీ భ్రమ' అనాలి. నేర్పడం సులువే. రోజంతా అక్కడ కూర్చుని తిట్లు తినడం ఎవరి తరం?

అందుకే ఎగురుతున్నాడు.

అది లాఫ్ట్ ఫ్లాటు. అంటే హాల్లోనే ఓ పక్క మెట్లు, మెట్లెక్కితే పడగ్గది. పూర్వం దాన్ని అటక అనేవాళ్ళు, విరిగిన కుర్చీలు పడేసేవాళ్ళు. ఇప్పుడు మనుషులు పడుకుంటున్నారు కాబట్టి ధర పెరిగింది. హాలు కప్పు రెండంతస్తుల ఎత్తు, గోడంత కిటికీ. రోజూ ఎవరో ఒకరు చూడ్డానికొచ్చి పైకీ కిందికీ ధనధనా తిరిగిపోతూనే ఉంటారు; ఎవరొచ్చినా గుమ్మంలోనే తలెత్తి నోరెళ్ళబెడతారు.

ఈవిడ తలెత్తలేదు. కిటికీ వైపు పోలేదు. వచ్చింది మొదలు ఆవిడ చూపంతా నేలమీదే.

"ఆ కప్పు చూడండి మేడమ్, ఎంత ఎత్తో!"

"కప్పుతో నాకేం పని బాబూ? ముందు నేల సంగతి తేలనీ."

గ్యారంటీకి ఆశ పుట్టింది. పైమెరుగులకి మురిసిపోయేవాళ్ళు కొనరు, వంకలు వెతికేవాళ్ళే కొంటారని అతని అనుభవం. వెంటనే వరస కలిపేశాడు.

"బాబాయిగారు రాలేదా పిన్నిగారూ?"

"ఫోన్లో ఉన్నారుగా. ఆయనకి చప్పుడు సంగతి బాగా తెలియాలి. మీరా కుర్చీ ఈడ్చండి."

అక్కడున్న ఒక్క కుర్చీని ఈ గోడనుంచి ఆ గోడదాకా బరబరా ఈడ్చాడు. చెవితో ఇల్లు చూసే మొగుణ్ణి అతను ఇంతవరకూ ఎరగడు. పుర్రెకో బుద్ధి అనుకున్నాడు.

ఆవిడ సంచీలోంచి గుప్పెడు గోళీలు తీసిచ్చింది. మెట్లమీంచి ఒక్కొక్కటే వదలమంది. వదిలాడు. మోకాళ్ళమీద పాకి అన్నీ ఏరుకొచ్చాడు. ఇంకోసారి అంది. తర్వాత ఓ స్టీలు పళ్ళెం ఇచ్చి, పైగదిలోంచి కింద హాల్లోకి పడెయ్యమంది. ఆ మోతకి అతని చెవులే గింగుర్లెత్తాయి. ఆవిడ మొహం మాత్రం వెలిగిపోయింది. ఒక్కోదానికీ టైం చూసి మరీ రాసుకుంది.

"ఇక బాత్రూం."

నీళ్ళు పోయే కంతలో తనే గుడ్డ కుక్కింది. నాలుగు బకెట్లు కుమ్మరించమంది. గ్యారంటీ ప్యాంటు పైకి మడుచుకుని కుమ్మరించాడు. పావుగంట ఆగి తలుపు తీస్తే నీళ్ళు లేవు.

"చూశారా పిన్నిగారూ! చుక్క నిలవలేదు. వాలంటే అలా ఉండాలి!" గుడ్డ సంగతి మరిచిపోయి రొమ్ము విరుచుకున్నాడు.

"నిజమే నాయనా, చక్కగా పోయాయి," అంది ఆవిడ ఎంతో ఆప్యాయంగా. ఫోన్లోంచి ఏదో కేక వినపడింది. "ఆయన కూడా అదే అంటున్నారు."

నోటుబుక్కు అతని ముందుకు చాపింది. "ఇవన్నీ మీ చేత్తో మీరే చేశారనీ, నేను ఉన్నదున్నట్టు రాశాననీ ఓ సంతకం పెట్టండి. రేపు మాట తేడా రాకూడదు చూడండి."

ఇంత పకడ్బందీ మనిషి కొనక ఎక్కడికి పోతుంది! గ్యారంటీ తన పెళ్ళి రిజిస్టరులో కూడా అంత అందంగా సంతకం పెట్టలేదు. దాని కింద 'గ్యారంటీ' అని రాసి, గీత కూడా కొట్టాడు. ఫిర్యాదుల డెస్కు పీడ విరగడైనట్టే అనిపించి, ఆనందం పట్టలేకపోయాడు. బుకింగ్ ఫారం తీసి కుర్చీమీద పరిచి, కలం మూత తీశాడు.

"అయిపోయిందండీ, రండి," అంది ఆవిడ ఫోన్లో.

అరనిమిషంలో బాబాయిగారు తలుపు తోసుకుని వచ్చాడు. బయట ఎండ మాడు పగలగొడుతోంది. ఆయన చేతిలో మాత్రం తడిసిన గొడుగు, బట్టతల నిండా సున్నం పెచ్చులు.

"రండి రండి బాబాయిగారూ! ఇల్లెలా ఉంది?"

నీళ్ళోడుతున్న గొడుగుని ఆయన బుకింగ్ ఫారం మీద ఆనించి, నోటుబుక్కులో సంతకం ఓసారి తృప్తిగా చూసుకుని, "ఆర్నెల్లుగా ఎప్పుడు ఫోన్ చేసినా 'మీ భ్రమ' అంటున్న మీ డెస్కువాళ్ళకి ఇది చూపించు నాయనా, మేముండేది సరిగ్గా దీని కింద ఫ్లాట్లో," అన్నాడు.